జీపుకు కొత్త టైర్లు

"ఎట్లాగు కరీంనగర్ పోతున్నం గద, పనిల పని టైర్లు సుత ఏపిచ్చుకొని వద్దం" అన్నాడు దామోదర్‌రావు, రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ.

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతున్న తారాబాయి చెయ్యి ఆగిపోయింది. తెల్లవారుజాము నుంచి నడుము కింద ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంది. ఐదో నెల. నిన్న సాయంత్రం నస్పూర్‌లో లేడీ డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, మొహం మార్చుకుని, "ఆలస్యం చెయ్యొద్దమ్మా, పొద్దుగాల్నే కరీంనగర్ పెద్దాసుపత్రికి పోండ్రి" అంది. ఆ మాట చెబితే భర్త వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నందుకు రాత్రంతా తార మనసులో ఆయన మీద ఒకలాంటి మెత్తదనం కూడా కలిగింది. ఆ సరే ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"ముందుగాల దవఖానకు పోదమండి" అంది, రొట్టె ఆయన పళ్లెంలో వేస్తూ.

"దవఖాన యాడికి పోతది? టైర్ల దుకాణం తొవ్వలనే ఉన్నది. పది నిమిషాల పని."

అత్త జానకీబాయి తన రొట్టె మీద నెయ్యి రాసుకుంటూ, "మేము కనలేదా ఏంది, పొలంల నాట్లు చూసుకుంట కన్నం" అంది. ఆమె ఎన్నడూ పొలం గట్టు దిగలేదని తారకు తెలుసు. ఆ ఇంట్లో తెలిసిన మాటలు తెలిసినట్టు అనే అలవాటు తారకు ఎప్పుడో పోయింది. బొగ్గు లారీల గుమాస్తాలు ముగ్గురికి మధ్యాహ్నం కూర చేసి గిన్నెకు మూత పెట్టింది. దారిలో తినడానికి రొట్టెలు బట్టలో చుట్టింది. అత్తకు ఆమె మందుల సంచి వెతికి ఇచ్చింది. ఇల్లు ఊడ్చే చంద్రవ్వ రాలేదని వాకిలి కూడా తనే ఊడ్చి, చీపురు మూలన పెట్టి, గోడ పట్టుకుని నిలబడింది. అప్పటికి ఇంటి ముందు జీపు హారన్ మోగుతోంది.

ఆ జీపు పొద్దున ఇంటి నుంచి లారీల ఆఫీసుకు, సాయంత్రం ఆఫీసు నుంచి క్లబ్బుకు పోతుంది. అంతా నున్నటి తారు రోడ్డు. ఏడాదికోసారి దసరాకు ఖానాపూర్ అవతల ఉన్న వాళ్ల పొలాల దాకా పోతే పోయినట్టు. అయినా వారం రోజులుగా వరండాలో ఒకటే మాట: టైర్లు. దామోదర్‌రావు దోస్తు కరుణాకర్‌రావు తన జీపుకు లోతు గాట్ల అడవి టైర్లు వేయించాడు. ఆ రోజు నుంచి తార మొగుడికి నిద్ర లేదు. సాదా టైర్లు వేస్తే బండి మెత్తగా పోతుంది కాని చూడటానికి డాక్టర్ల కారులా ఉంటుంది. అడవి టైర్లు వేస్తే దర్జాగా ఉంటుంది కాని తారు మీద హోరు, తొందరగా అరుగుతాయి. రెంటికీ పనికొచ్చే మధ్యరకం ఉన్నాయి కాని అవి ఎవరికీ నచ్చవు. ఛాయలు మోస్తూ మోస్తూ తారకు కూడా టైర్ల సంగతులన్నీ వచ్చేశాయి. ఒక సాయంత్రం ఛాయ గ్లాసులు పెడుతూ నోరు జారి, "మనం పోయేది రోడ్డు మీదనే గద, మధ్యరకం సాలవా?" అంది. వరండా అంతా నవ్వు. "వదినెకు డ్రైవింగ్ నేర్పియ్యిరా" అన్నాడు కరుణాకర్‌రావు. "దీనికి కడుపు నిలుపుకొనుడే రాదు, బండి యాడ నిలుపుతది?" అన్నాడు దామోదర్‌రావు. అప్పటికే తారకు రెండుసార్లు కడుపు పోయింది. ఆ మాటకు నవ్వు ఇంకా పెద్దదైంది. లోపలికి వచ్చి తార గ్లాసులు కడిగింది. ఒక గ్లాసును మళ్లీ మళ్లీ కడిగింది.

కరీంనగర్ చేరేసరికి ఎండ ముదిరింది. లింగమూర్తి టైర్ల దుకాణం ముందు జీపు ఆగింది. కరుణాకర్‌రావు అప్పటికే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లింగమూర్తి ఎదురొచ్చి, "రార్రి దొరా, రార్రి" అని జీపు చుట్టూ తిరిగాడు.

"బండి ఎక్కువ యాడ తిరుగుతది దొరా?"

"అంతట తిరుగుతది" అన్నాడు దామోదర్‌రావు.

"బరువు ఏమన్న ఏస్తరా? ఎనుక ఎవలు కూసుంటరు? ఆడోళ్లు కూసుంటె జర మెత్తటియి మంచిగుంటయి, గతుకులు తగలవు."

"ఆడోళ్లదేమున్నది, యాడ కూసోవెడితె ఆడ కూసుంటరు."

వెనక సీట్లో తార కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంది. తన బరువు గురించి, తనకు తగిలే గతుకుల గురించి పెళ్లయిన ఈ ఆరేళ్లలో ఒక మనిషి అడగడం ఇదే మొదలు, అదీ టైరు అమ్ముకోవడానికి. పెళ్లిచూపుల రోజు గుర్తొచ్చింది. అప్పుడు ఈయన ఇంటి ముందర జీపు ఇంజను కూడా ఆపలేదు. ఛాయ తాగి, ఒక్క చూపు చూసి, సరే అని వెళ్లిపోయాడు. అంత నమ్మకం ఉన్న మనిషనుకుని బాపు మురిసిపోయాడు. ఇప్పుడు అదే మనిషి ఒక్కో టైరును దొర్లించి, వంగి, గాట్లలో వేలు పెట్టి లోతు చూస్తున్నాడు. రబ్బరును అరచేత్తో నిమురుతున్నాడు. ఆ చెయ్యి అంత మెల్లగా ఆనగలదని తారకు తెలియదు.

జానకీబాయి దిగి నీడకు వెళ్లి కూర్చుంది. ఆమెకు ఛాయ వచ్చింది. మగవాళ్లందరికీ ఛాయ వచ్చింది. కాసేపటికి అడవి టైర్లే ఖాయమయ్యాయి. ఒకటి బిగించి చూద్దామన్నారు. జాకీ పెట్టాలి గనుక తారను దిగమన్నారు. దిగుతుంటే కాళ్ల మధ్య వెచ్చగా జారింది. అరిగిపోయిన టైర్లు కుప్ప పోసిన చోట ఒక టైరు మీద కూర్చుని, కొంగు వెనక్కు కప్పుకుంది.

"ఏమండి" అని పిలిచింది.

ఆయన జీపు కింద తల పెట్టి ఉన్నాడు.

"ఏమండి, జర ఇటు రార్రి. రక్తం పోతుంది."

కరుణాకర్‌రావు విన్నాడు. చప్పున మొహం తిప్పుకుని, వినని వాడిలా దుకాణం లోపలికి వెళ్లాడు. దామోదర్‌రావు తల బయటకు తీసి చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారా అని. దగ్గరకొచ్చి పళ్లు బిగబట్టి అన్నాడు. "నలుగురి ముందట ఏం మాటలే అవి? ఒక్క టైరు బిగించిర్రు, మూడున్నయి. జర ఓర్సుకో."

మళ్లీ వెళ్లిపోయాడు. వెళ్లి, బిగించిన టైరును దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసి, "గాట్లు ఇంకింత లోతుంటె బాగుండు. వేరే రకం చూపెట్టు లింగమూర్తీ" అన్నాడు. బిగించినది విప్పడం మొదలైంది. కరుణాకర్‌రావు కూడా మళ్లీ బయటికొచ్చి జీపు దగ్గర నిలబడ్డాడు.

తార ఆ విప్పడం చూసింది. ఒక్కొక్క నట్టూ ఊడి రేకు మూతలో పడుతుంటే చూసింది. తను చచ్చిపోవచ్చునని ఆమెకు ఇంతకుముందే అనిపించింది, దానికి అంత భయం వేయలేదు. కాని ఇక్కడ, ఈ పాత టైర్ల కుప్ప మీద చచ్చిపోతే, వీళ్లు మిగిలిన మూడు బిగించాకే తనను లేపుతారని అనిపించింది. అది ఊహ కాదు, నిజంగా అలాగే జరుగుతుంది. గోడ పట్టుకుని లేచింది. లేచిన చోట టైరు నల్లగా తడిగా మెరిసింది.

రోడ్డు అవతల ఛాయ కొట్టు బుచ్చవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. పొయ్యి మీద గిన్నె అలాగే వదిలి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే బిడ్డా? ఎవలున్నరు నీ ఎంట?"

తార జీపు వైపు చూసింది. ముగ్గురి వీపులు కనిపించాయి.

"ఎవలు లేరవ్వా. రిక్షా పిలువు."

ఆసుపత్రిలో లేడీ డాక్టరు గబగబా చూసి, నర్సును కేకేసి, "మీ ఆయన యాడమ్మా? ఆపరేషన్‌కు సంతకం కావాలె" అంది.

"టైర్లు ఏరుతుండు" అంది తార.

తెలివి తప్పుతోందనుకుంది డాక్టరు. చెంపలు తట్టింది. "నాకు మంచిగనే తెల్వి ఉన్నది. నేను పెడుత సంతకం" అని తార చెయ్యి చాచింది.

ఆడపిల్ల. బతకలేదు. తల్లిని బతికించడానికి గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. మెలకువ వచ్చాక ఈ సంగతి చెప్పింది డాక్టరే. చెప్పి, కాసేపు మంచం పక్కన నిలబడింది. అంతవరకూ దామోదర్‌రావు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. లోపలికి వచ్చి మొదట అన్న మాట ఇది: "చెప్పకుంట రిక్షాల పోతవా? ఛాయ అమ్ముకునేదాని ఎంట? కరుణాకర్ ముందట నా ఇజ్జత్ పోయింది." పిల్ల గురించి ఏమీ అడగలేదు. ఆడపిల్ల అని నర్సు ముందే చెప్పిందట.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ తార ఏడవలేదు. పాలు వచ్చి రవిక తడిసినప్పుడు మాత్రం, గుడ్డ కట్టి బిగిస్తున్న నర్సు భుజం కొరికింది. నర్సు అలాగే ముడి వేసింది.

ఇంటికి పంపే ముందు రోజు జానకీబాయి మంచం మీద కూర్చుని నారింజ ఒలుస్తూ మాట ఎత్తింది. "అయ్యిందేదో అయ్యింది. ఇంటికి వారసుడు గావాలె గద. బయటి పిల్ల వస్తె నిన్ను బాధ వెడుతది. మీ బాలలక్ష్మి అయితె నీ చెల్లెలే. నిన్ను అక్క లెక్కనే చూసుకుంటది." తొన ఒకటి తార చేతిలో పెట్టింది.

దామోదర్‌రావు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "నువ్వు ఒప్పుకుంటె అడిగెటోడు ఎవడు లేడు" అన్నాడు. "రేపు సీద ఖానాపూర్ పోదం. మీ బాపుతోని నువ్వే మాట్లాడు."

బాలలక్ష్మికి పద్దెనిమిది. నిర్మల్‌లో ఇంటర్ చదువుతోంది. నవ్వితే చిగుళ్లు కనిపిస్తాయని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల. తార చేతిలోని తొనను చూసింది. వద్దు అంటే వీళ్లు తనను నస్పూర్‌లో దింపి, తను లేకుండానే ఖానాపూర్ వెళతారు. బాపు కాదనలేడు. అందుకని, "పోదం" అంది. అత్త సంతోషించి మిగతా నారింజ తను తింది.

మర్నాడు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి దారి పొడుగునా అడవి టైర్లు తారు మీద హోరుపెట్టాయి. ప్రతి గతుకూ కుట్లు విప్పిన చోట తగిలింది. "చూసినవా, రోడ్డు ఎట్ల పట్టుకుంటుందో" అన్నాడు దామోదర్‌రావు రెండు మూడుసార్లు. తార బాపు ముందు అనాల్సిన మాటలు లోపల వరుస పెట్టుకుంటోంది. ఆరేళ్లలో తను వరసగా నాలుగు మాటలు మాట్లాడింది ఎప్పుడో గుర్తు రాలేదు.

ఖానాపూర్‌లో తండ్రి జగపతిరావు అల్లుణ్ణి చూసి కండువా సర్దుకుంటూ ఎదురొచ్చాడు. తల్లి సరళాదేవి బిడ్డ మొహం చూసి గడపలోనే నిలబడిపోయింది. సెలవులకు వచ్చిన బాలలక్ష్మి నీళ్ల చెంబు తెచ్చి అందరికీ ఇచ్చింది. ఆమె ఇస్తున్నప్పుడు దామోదర్‌రావు తలెత్తి చూశాడు. ఆ చూపు తారకు తెలుసు. గాట్ల లోతు చూసే చూపు.

జానకీబాయి చెప్పవలసిందంతా చెప్పింది. చివరకు, "మేము అడుగుతలేము. తారే అడుగుమన్నది. చెల్లె కోసం పాణం కొట్టుకుంటుంది" అంది.

అందరూ తార వైపు చూశారు.

"నేను అడుగుమనలే" అంది తార. "బాపూ, నేను రక్తంల కూసున్న నాడు గీయన టైర్లు ఏరిండు. పిలిస్తె, ఇంక మూడున్నయి ఓర్సుకో అన్నడు. పిల్ల సచ్చిపోయింది. ఆడపిల్ల. ఎట్లుండెనని సుత అడుగలే. బాలలక్ష్మిని ఇయ్యం."

"ఇయ్యమనుటానికి నువ్వు ఎవలే?" దామోదర్‌రావు కుర్చీలోంచి లేచాడు.

జగపతిరావు ఇద్దరి మధ్యా నిలబడి చేతులు నలుపుకున్నాడు. బిడ్డను చూడలేక అల్లుణ్ణి చూశాడు. "కూసోండ్రి, కూసోండ్రి. అన్ని నిదానంగ మాట్లాడుకుందం" అని, లోపలికి తిరిగి, "అల్లునికి ఛాయ పెట్టుర్రి ముందుగాల" అన్నాడు.

తార బాపును చూసింది. కోపం రావాలి, రాలేదు. ఈయన ఇన్నేళ్లూ ఇట్లా చేతులు నలుపుకోవడమే తప్ప ఈ ఇంట్లో ఎవరినీ గట్టిగా పట్టుకోలేదు. చెల్లెలి మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. తల్లి వెనకాలే వచ్చింది. తలుపు మూసి పై గడియ వేయబోతే కడుపు చీల్చినంత నొప్పి వచ్చి తార చెయ్యి పైకి లేవలేదు. సరళాదేవి బిడ్డ చేతిని పక్కకు తీసింది. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడు ఛాయ అడిగితే ఎన్నడూ ఆలస్యం చేయని మనిషి, కాలివేళ్ల మీద లేచి గడియ వేసింది.

బయట అరుపులు. తలుపు మీద ఒకటి రెండు దెబ్బలు. జానకీబాయి శాపనార్థాలు. జగపతిరావు బతిమాలడం. తర్వాత జీపు హోరు, దూరమవుతూ. బాలలక్ష్మి మూలన కూర్చుని ఏడుస్తోంది.

"మీ ఆయన ఊకోడు తారా" అంది తల్లి, గొంతు తగ్గించి. "మనుషులను ఏసుకొని మళ్ల వస్తడు."

తార నేల మీద మెల్లగా ఒరిగి, చెల్లెలి ఒడిలో తల పెట్టుకుంది.

"రానియ్యి అవ్వా. వస్తె తలుపు నేనే తీసి, పిల్లను ఇయ్యనని మొఖం మీదనే చెప్త."