మొగిలమ్మ మందలో కవలలు

1979లో హనుమకొండ గొర్రెల పథకం ఆఫీసులో గణాంకశాస్త్రం చదివినది దీనమ్మ ఒక్కతే. ఆ సంగతి ఆమె మరచిపోయేది కాదు; ఇతరులను మరచిపోనిచ్చేదీ కాదు.

పై అధికారి వెంకట్రాజం ఆ ఉదయం ఒక ఉత్తర్వు ఆమె ముందుంచారు. రఘునాథపల్లిలోని మొగిలమ్మ మందను పథకం నుంచి తొలగించాలనీ, అందులోని పెద్ద పొట్టేలును అమ్మివేయాలనీ దాని సారాంశం. దీనమ్మ ఒప్పుకోలేదు.

"ఈతకు రెండు పిల్లలనిచ్చే వంశం కావాలె మనకు. ఆ మందల ప్రతి తల్లి కింద ఒక్కటే పిల్ల. ఏం చూసి పొట్టేలును ఉంచుమంటవమ్మా?"

"అన్నిటికీ ఒక్కటే ఉన్నదని చూసే, సార్," అన్నది దీనమ్మ. "సగటు ఒకటైతే కొన్నిటికి సున్నా, కొన్నిటికి రెండు పడాలె. పాయిజాన్ విభాజనం అంటరు. గొర్రెలు దాన్ని అచ్చంగ పాటించవు, అందుకే పక్క మందల అంకెలతోని సరిజేసి చూసిన. అయినా ఇంత సాపు రాదు."

"అంటే ఆ గొర్రెలు నీ ఫార్ములా చదువలేదు!"

"చదివినయి సార్. నడుమ ఎవరో దిద్దిండ్రు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "శుక్రవారం దాకా చూస్త. రుజువు లేకుంటే పొట్టేలు అంగడికే."

దీనమ్మ మరునాడే రఘునాథపల్లి బస్సెక్కింది. పిల్లల లెక్క ఎవరో దిద్దినట్టున్నదన్న ఆమె మాట విని మొగిలమ్మ నిప్పులు చెరిగింది.

"దొంగలెక్క చెప్పిన్నంటవా, బిడ్డా? వచ్చినవు గనుక సల్ల తాగిపో. మాట మాత్రం ఎనక్కి తీస్కో."

"సల్ల తాగుత అవ్వా. మాట తీస్కోను."

కోపంగా ఉన్నా మొగిలమ్మ చేతిలోని పని ఆపలేదు. ఒక గొర్రె పాలు పిండి, చిన్న గొర్రెపిల్ల వీపు మీద రాసి, ఆ గొర్రెకే వాసన చూపిస్తున్నది. పిల్ల మాత్రం దూరంగా ఉన్న నల్లచెవుల గొర్రెవైపే మెడ సాచింది.

"ఇది ఎవరికి పుట్టింది?" అని దీనమ్మ అడగగానే మొగిలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కంచె బయటికి లాక్కుపోయింది.

"ఆ గొర్రె ముందటనే అడుగుతరా? దాని పిల్ల పొద్దుగాల సచ్చింది. నల్లచెవులదానికి రెండు పుడితే ఒకటి దీనికిచ్చిన. పాలిచ్చినంక ఇదే తల్లి. ఎవరడిగినా తల్లికొకటే అంటం. మా అత్తనాటి నుంచి ఇదే రివాజు."

దీనమ్మ గుండె ఉప్పొంగింది. హనుమకొండలో కుర్చీలో కూర్చున్న తన లెక్క ఈ కంచె లోపలి మాట పసిగట్టింది!

"రెండేసి ఈనిన గొర్రెలన్నీ ఎవరి బిడ్డలు, అవ్వా?"

"ఇంకెవరియి? నా పొట్టేలుయి!" మొగిలమ్మ తల ఎత్తింది. "అసొంటిది ఈ జిల్లాల ఉన్నదా?"

శుక్రవారం వెంకట్రాజం స్వయంగా వచ్చారు. తన లెక్క ప్రకారం కవలల జతలు ఎన్ని ఉండాలో దీనమ్మ ముందే చీటీ మీద రాసి ఆయన జేబులో పెట్టించింది. ఆయన దొడ్డిలో నిలబడి నోరు తెరవబోయారు.

"ఇక్కడ, తల్లుల ముందట వద్దు సార్," అన్నది దీనమ్మ. ఆయన కంచె బయటికి నడిచారు. మొగిలమ్మ వేళ్లు మడుస్తూ ఏ పిల్ల ఎవరి కడుపున పుట్టిందో చెప్పింది. ఆయన జేబులోని చీటీ తీసి చూసుకున్నారు.

"ఒక్క జత తేడా వచ్చిందేమమ్మా?"

"మోడల్ సార్, జోస్యం కాదు."

వెంకట్రాజం పకపకా నవ్వి, తెచ్చిన ఉత్తర్వును అక్కడే చింపివేశారు. "పొట్టేలు ఉంటది." తరువాత దొడ్డివైపు చూసి గొంతు తగ్గించారు. "ఇగ చెప్పవ్వా, ఆ చివరిది ఎవరిదంటివి?"