రెండంగుళాల మర్యాద

మా కోడలు కుట్టుపనిలో చేయి తిరిగిన మనిషి. తన కొట్లో ఓ మూల కూర్చుని గుండీలు కుట్టడం, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పడం నా పని. రెండో పనే ఎక్కువ.

కొలతలు తీసేటప్పుడు కోడలికి ఒక అలవాటు. నడుము చుట్టూ టేపు తిప్పి, పైకి మాత్రం రెండంగుళాలు తగ్గించి చెబుతుంది. అసలు అంకె చడీచప్పుడూ లేకుండా ఫోనులో ఎక్కిస్తుంది. కుట్టేది అసలు కొలతకే కాబట్టి గౌను అతికినట్టు సరిపోతుంది. విన్నది చిన్న అంకె కాబట్టి మనిషి గాలిలో తేలుతూ ఇంటికి పోతుంది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు అలా మా కొట్లోనే సన్నబడ్డారు.

ఒకరోజు రెడీమేడ్ బట్టల కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. మా దగ్గరున్న కొలతలు, వాటితోపాటు పేర్లూ ఫోన్ నంబర్లూ ఇస్తే కొత్త మోటారు మిషన్ ఊరికే ఇస్తామన్నాడు. ఎవరి నడుముకి ఏ బట్టలు పడతాయో, కొలతతో సహా వాళ్ళ ఫోనుకే పంపుతారట.

మా పాత మిషన్ నాలుగు కుట్లు వేసి ఒకటి దాటేస్తోంది. తొక్కి తొక్కి కోడలి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ మాట వినగానే దాని కళ్ళు మెరిశాయి.

"ఏమంటారు అత్తయ్యా? కొలతలేగా. ఇస్తే మన దగ్గర తరిగిపోతాయా?"

"జానెడు ముక్క మిగిలినా మడతపెట్టి, గుడ్డ ఎవరిదో వాళ్ళకే ఇచ్చేస్తావు కదే. ఒంటి కొలత గుడ్డముక్క కన్నా తీసిపోయిందా? అడిగి ఇవ్వు."

"అడగాలంటే అసలు అంకె చెప్పాలి. చెప్పానంటే ఇంకోసారి మన గుమ్మం తొక్కుతారా?"

"నువ్వు చెప్పకపోతే కంపెనీవాళ్ళే చెబుతారు."

కోడలు టేపుని వేలికి చుడుతూ, విప్పుతూ చాలాసేపు కూర్చుంది. కొట్టు నిలబడింది ఆ ఆడవాళ్ళ నమ్మకం మీదే. చివరికి ఆయన్ని ఆదివారం రమ్మంది. వాళ్ళనీ రమ్మంది.

ఆదివారం కొట్లో నిలబడే చోటు లేదు. ఇస్త్రీ బల్ల మీద కూడా ఎక్కి కూర్చున్నారు. కంపెనీ ఆయన చెప్పాల్సిందంతా తియ్యగా చెప్పాడు. తర్వాత కోడలు గొంతు సవరించుకుంది.

"ముందు నాదొక మాట. ఇన్నాళ్ళూ మీ నడుములు రెండేసి అంగుళాలు తగ్గించి చెప్పాను. ఫోనులో ఉన్నవి అసలువి. అవి పంపాలో వద్దో మీరే చెప్పాలి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అందరి చేతులూ నడుముల మీదకి పోయాయి. కోడలి మొహాన నెత్తురుచుక్క లేదు.

"అదా సంగతి," అంది బేకరీ నడిపే అక్క. "బయట కొన్నవేవీ నాకెందుకు పట్టవా అని కంపెనీలని తిట్టుకుంటున్నాను." ఆయన వైపు తిరిగి, "మిమ్మల్నేనండీ," అంది.

ఇస్త్రీ బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంతకీ మీ నడుమెంత?" అనడిగింది అక్క.

"నాదెందుకండీ?"

"మాది మీకెందుకో చెప్పండి. మీది మాకెందుకో చెబుతాం."

అక్క టేపు పట్టుకుని లేచేసరికి ఆయన ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఇక చూసుకోండి, నవ్వులకి కొట్టు దద్దరిల్లింది.

ఆ నవ్వుల్లోనే తీర్మానం అయిపోయింది. పేర్లు లేవు, నంబర్లు లేవు. ఇష్టమైనవాళ్ళ ఉత్త అంకెలే. రేపు ఎవరైనా వద్దనుకుంటే, కోడలు చెప్పిన అంకె తీసెయ్యాలి.

"పేరు లేని నడుముని నేనేం చేసుకోనండీ?" అన్నాడాయన.

"దానికి పట్టే గౌను కుట్టండి," అంది అక్క.

పైవాళ్ళని అడిగి వస్తానని వెళ్ళాడు. తర్వాత ఒప్పుకున్నారు కూడా. కొత్త మిషన్ రాలేదు గానీ, పాతదానికి తగిలించే మోటారు వచ్చింది. మోకాళ్ళకి అది చాలు.

ఆ ఆదివారం ఆయన వెళ్ళాక కూడా కోడలు తల వంచుకునే నిలబడింది.

"ఏంటలా నిలబడ్డావు? నా నడుము కొలువు," అంది అక్క. "పైకే చెప్పు, ఫర్వాలేదు."

కోడలు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతే, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

"నాకు పాత అంకే చెప్పమ్మా, దానికే అలవాటుపడ్డాను," అందొకావిడ. అలాగే చెప్పింది.

చివరగా పెద్ద టీచరమ్మ వచ్చింది. కంటిచూపుతో బడంతటినీ నిలబెట్టే మనిషి. "నాది చెవిలో చెప్పు," అంది. కోడలు చెప్పింది. ఆవిడ చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఆ అంకె ఎంతో తెలియక నాకు ముద్ద దిగడం లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలిసిందే. ఎంత బతిమాలినా కోడలిది ఒకటే మాట.

"ఆవిడ్నే అడగండి అత్తయ్యా."

ఆవిడ్ని అడిగే గుండె ఈ వీధిలో ఎవరికుంది?