మూత మీద చుక్క లేని డబ్బా

మా ఆయన రంగుల దుకాణంలో షేడ్లు కలుపుతాడు. ఎవరైనా ఓ గుడ్డముక్క చూపించి ఇదే కావాలంటే, తెల్లరంగులో చుక్కచుక్కగా రంగులు వేసి సరిగ్గా అదే రంగు వచ్చేలా చేస్తాడు. గోడకు వేశాక బాగాలేదని జనం వెనక్కి తెచ్చినవాటిని యజమాని పారేయమంటాడు. ఈయనకు చేతులు రావు. ఇంటికి మోసుకొస్తాడు.

అలా తొమ్మిదేళ్ళలో మా చిన్నగది నిండిపోయింది. ప్రతి మూత మీదా లోపలి రంగుదే ఓ చుక్క, పక్కన ఆయన చేతిరాత. "పళ్ళ డాక్టరుగారి హాలు. నచ్చలేదు." "కొత్తజంట పడకగది. అమ్మాయికి నచ్చింది, అబ్బాయికి నచ్చలేదు." "మేడమీద మామ్మగారు. ఈవిడకు ఏదీ నచ్చదు." చుక్క లేదంటే లోపల ఉత్త తెల్లరంగే. వాళ్ళ పనిలో అది నియమం, నాకూ కంఠతా వచ్చు.

ఆ గది నిండుతుంటే నేను సణిగానే గాని అడ్డుపడలేదు. అది బిడ్డ కోసం అనుకున్న గది. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయాక, ఖాళీగా కనిపించేకన్నా డబ్బాలే నయమనిపించింది.

ఇప్పుడు ఆ గది కావలసి వచ్చింది. పిల్లల హోమ్ నుంచి ఆరేళ్ళ పాప సోమవారం మా ఇంటికి వస్తోంది. మూడు నెలలు మాతో ఉంటుంది, ఆ తర్వాత ఇక్కడే ఉంటావా అని పాపనే అడుగుతారు. హోమ్ మేడమ్ ముందుగా ఇల్లు చూడటానికి వచ్చి, చిన్నగది తలుపు తోసి, "పాప ఎక్కడ పడుకుంటుందండీ?" అంది.

శనివారం పొద్దున్నే నడుం బిగించాను.

"ఇవాళ ఒక్క డబ్బా మిగలకూడదు. ఎప్పుడైనా పనికొస్తుందన్నారో, వాటితోపాటు మిమ్మల్నీ బయట పెట్టేస్తాను."

"పారేయడమెందుకు? అన్నీ కలిపి ఆ గోడలకే వేసేద్దాం."

"అన్నీ కలిపితే బురదే కదా!"

"బురదో కాదో చూద్దువుగాని" అని నవ్వాడు.

నీళ్ళరంగుల్లో కలవవని నూనెరంగులను పక్కకు తీశాడు. గట్టిపడ్డవి చెత్తబండి ఎక్కించాడు. మిగతావి డ్రమ్ములో పొయ్యమని నాకు చెప్పి, బ్రష్షులు తేవడానికి దుకాణానికి వెళ్ళాడు.

నేను ఒక్కో మూతా తీస్తూ పోశాను. పోసిన రంగులు వెంటనే కలవలేదు. మబ్బుల్లా ఒకదాని మీద ఒకటి నెమ్మదిగా పొర్లాయి. ఇళ్ళ తలుపులు వరసగా తీసుకుని, పళ్ళ డాక్టరు హాల్లోంచి కొత్తజంట గదిలోకి, అక్కణ్ణుంచి మామ్మగారి వంటింట్లోకి చెప్పుల్లేకుండా నడిచిపోతున్నట్టుంది నాకు. ఎవరు నువ్వని ఎవరూ అడగలేదు. డబ్బాల వరస దిగేకొద్దీ తొమ్మిదేళ్ళుగా మూసుకుపోయిన కిటికీ బయటపడి, ఎండ నేల మీదికి వచ్చి పడుకుంది. దగ్గితే గది తిరిగి దగ్గింది. మెలకువగా ఉన్నానో లేదో కూడా తెలియలేదు.

చివరికి మూలన చిన్న డబ్బా ఒకటి మిగిలింది. మూత మీద చుక్క లేదు. తెల్లరంగే కదా, కాస్త తేటపడుతుందని ఒక్కసారిగా వంచేశాను.

తెలుపు కాదు. లేత పసుపు. అప్పటికే డబ్బా ఖాళీ.

గుమ్మంలో బ్రష్షులతో మా ఆయన. డ్రమ్ములోకి చూసి, గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు.

"చుక్క పెట్టలేదేం?" అని గయ్యిమన్నాను.

"పెడితే నువ్వు చూస్తావుగా. అది మన బిడ్డకని కలిపింది. మూలనే ఉంది కదా, వచ్చి తీసి దాచుకుందామనుకున్నాను."

ఖాళీ డబ్బాలోకి తొంగి చూశాను. తొమ్మిదేళ్ళ నాటి రంగు రాయిలా అయిపోవాలి. ఇదేమో నిన్న కలిపినట్టు జారింది.

"ఏటా ఒకసారి మూత తీసి, నీళ్ళు చల్లి కలిపేవాణ్ణి" అన్నాడు. "గట్టిపడనివ్వబుద్ధి కాలేదు."

ఈ ఇంట్లో ఏడ్చేది నేనొక్కదాన్నే అనుకున్నాను. డబ్బాల పిచ్చి తప్ప ఈయనకు ఏమీ పట్టదని ఎంతమంది దగ్గర వాపోయానో! సిగ్గుతో చచ్చిపోయాను. పక్కనే కూలబడి ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు. కాసేపటికి ఆయనే లేచి కర్ర అందుకున్నాడు.

"ఇక పైకి తీయలేం కదా. కలిపేద్దాం, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."

బురద కాలేదు. పొద్దువాలాక గోడ మీద కాసేపు నిలిచే వెలుతురులాంటి రంగు వచ్చింది. ఆదివారమంతా ఇద్దరం రెండు పూతలు వేశాం.

సోమవారం పాప ఒక్క సంచీతో వచ్చింది. వేలితో గోడను తాకింది.

"ఇదేం రంగు?"

"తెలీదు తల్లీ. ఇందులో చాలామంది గోడలున్నాయి" అన్నాడు మా ఆయన.

"ఈ గది ఎవరిది?"

ఆయన నా వైపు చూశాడు. పసిపిల్లతో అబద్ధమెందుకని నేనే చెప్పాను.

"ఒక బిడ్డ కోసమని ఉంచాం. ఆ బిడ్డ రాలేదు. తన రంగు కూడా ఈ గోడల్లోనే ఉంది."

పాప తన సంచీని ఆ గోడకు ఆనించి పెట్టింది.

డ్రమ్ము అడుగున మిగిలినదాన్ని ఆయన ఓ డబ్బాలో పోశాడు. ఒక్కటీ మిగలకూడదన్న నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మూత మీద చుక్క పెట్టి, "పాప గది" అని రాశాడు. పెన్ను పైకెత్తి, "నచ్చిందని రాయనా, లేదని రాయనా?" అని పాపను అడిగాడు.

"ఇప్పుడే రాయొద్దు" అంది పాప.

మూడు నెలలూ ఆ మూత అలాగే ఉంది. రోజూ ఊడుస్తూ దానివైపు ఓ చూపు వేసేదాన్ని. మేడమ్ రావలసిన రోజు పొద్దున్న, పాప స్నానానికి వెళ్ళినప్పుడు చూస్తే, ఆయన రాత పక్కన వంకరటింకర అక్షరాలు. డబ్బాలోని రంగులో వేలు ముంచి అద్దినవి, ఇంకా తడి ఆరలేదు.

"నచ్చింది."

మేడమ్ వచ్చేసరికి మేమిద్దరం ఆ మూత పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాం.