స్పెయిన్ వరుస

వీర్రాజు మోకాళ్ల మీద కూర్చుని ద్రాక్షతీగను వంచుతున్నాడు. విరగకుండా వంచాలంటే ఒక చెయ్యి మొదట్లో ఆనించి, రెండో చేత్తో, నిద్రపోతున్న పిల్ల చేతిని పక్కకు జరిపినట్టు మెల్లగా నేలకు దించాలి. దించినదాన్ని కింది వైరుకు గుడ్డపేలికతో కట్టాలి. పేలికలు భార్య సరోజన పాత నూలుచీరలవి. ప్లాస్టిక్ టేపు వసంతం దాకా మట్టిలో గట్టిగా ఉండి తీగను కోస్తుంది. నూలైతే తనంతట తాను చివికిపోతుంది. పగిలిన పార పిడికి కూడా వాటిలోదే ఒక నీలం చీరపేలిక చుట్టుకున్నాడు.

హామిల్టన్ నగరం దాటాక, సరస్సుకీ సున్నపురాతి కొండకీ మధ్యన ఉంది ఆ తోట. రాత్రికి అంతా గడ్డకట్టే చలి వస్తుందంటున్నారు. మిగతా ద్రాక్షలన్నీ చలికి ఓర్చే రకాలు. ట్రాక్టరు మొదళ్లకు కాస్త మట్టి ఎగదోస్తే చాలు. ఈ ఒక్క వరుస మాత్రం నేలమీద పడుకోబెట్టి పూర్తిగా పూడిస్తేగానీ బతకదు. స్పెయిన్ వరుస అంటారు దాన్ని.

యజమానురాలు ఇనెస్ ట్రాక్టరు ఆపి దిగింది.

"వీర్, నిన్ననే చెప్పానుగా, దాన్ని వదిలెయ్యమని. అది ఎప్పుడు సరిగ్గా పండింది గనక? వసంతంలో పీకించి వేరేది నాటుతున్నాను."

"లంచ్ టైములో నా పని నాదమ్మా. ట్రాక్టర్ అడగలేదుగా."

"భుజం నొప్పి అన్నావు?"

"ఉంది. ఉండనీ."

ఇనెస్ నవ్వబోయి, ఆ వరుస వైపు చూసి ఆగింది. "అచ్చం మా నాన్నలాగే తయారయ్యావు. నీ ఇష్టం. నా మాట మాత్రం మారదు."

వాళ్ల నాన్న ఇగ్నాసియో పోయి రెండేళ్లయింది. స్పెయిన్‌లో వాళ్లకు ముత్తాతల నాటి ద్రాక్ష ఎస్టేటు ఉండేది. రాతి ఇల్లు, కొండవాలు నిండా సుద్దలాంటి తెల్లటి నేల. అన్నదమ్ముల తగాదాలో అది ఏదో కంపెనీ చేతికి పోయింది. వాళ్లు ముసలి తీగలన్నీ పెరికేసి, యంత్రాలు తిరగడానికి వీలుగా కొత్తవి వేశారు. అంతకుముందే ఇగ్నాసియో తెచ్చుకున్న కొమ్మల నుంచి వచ్చినవే ఇవి. ఆ ఎస్టేటులో మిగిలిందల్లా ఈ వరుసే.

ఒకరోజు ఆయన చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, వీర్రాజుకూ ఇచ్చాడు. తాంబూలం సున్నం డబ్బా మూత నాకినట్టనిపించింది. "మా నేలకు ఇది దూరపు చుట్టం. అందుకే ఇక్కడ ఆగాను," అన్నాడు ఆయన.

వీర్రాజుకు అది వింతేమీ కాదు. గోదావరి పాయల మధ్య వాళ్ల లంకలో కాసిన వంకాయ ఏదో, గట్టు అవతల కాసింది ఏదో, కూర ఉడికే వాసన పట్టి వాళ్లమ్మ చెప్పేది. ఆ లంక ఇప్పుడు లేదు. వరద ఏటా ఇంత చొప్పున అంచు కోసుకుపోయి, ఒక ఏడు వాళ్ల చేను మొత్తం నీళ్లయిపోయింది. "నాది ఉంది, కానీ నాది కాదు. నీది అసలే లేదు," అన్నాడు అది విని ఇగ్నాసియో. ఎవరి నష్టం పెద్దదో ఇద్దరూ తేల్చుకోలేదు.

సరోజనకు నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట ఈ చలిదేశం వచ్చాడు వీర్రాజు. గిడ్డంగిలో పెట్టెలెత్తాడు, ఆఫీసుల్లో నేలలు తుడిచాడు. చేతికి మట్టి తగిలాకే కుదురుకున్నాడు.

కానీ మొదటి ఏడు, బతికున్న తీగల్ని పూడ్చమన్నారు. పని ముగించి ఇంటికొచ్చి అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే నిలబడిపోయాడు. "ఓ బకెట్ నీళ్లు బయట పెట్టు. పోసుకునే లోపలికొస్తాను."

"ఇక్కడ నీళ్లు పోసుకుంటే కిందింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారండీ బాబూ! శ్మశానం నుంచి వచ్చారా ఏంటి?" అని సరోజన రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

వసంతంలో మట్టి తీసి చూస్తే కణుపు కణుపుకీ మొగ్గ. మెట్టలో అమ్మమ్మ వాళ్లు జొన్నలు పాతరేసి దాచుకోవడం అప్పుడు గుర్తొచ్చింది. అయినా పూడ్చిన రోజు ఇంటికి రాగానే తలస్నానం చెయ్యడం మాత్రం మానలేదు.

కొండ నీడ సగం తోటను కప్పేసరికి, ట్రాక్టరు వెనక తన పని ముగించుకుని మళ్లీ ఈ వరుసకే వచ్చాడు. మట్టి ఎత్తి పోయడం, పార వెనకవైపుతో తట్టడం. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా సలుపు. నిలబడి ఊపిరి తీసుకున్నాడు. చివరి మొక్క మీద మట్టి కప్పాక, వరుస పొడుగునా గట్టు తేలింది. ఎప్పుడూ పార కడిగి షెడ్డులో పెట్టేవాడు, ఇవాళ గట్టులోనే గుచ్చి వదిలేశాడు.

ఫోన్ మోగింది.

"ఏవండోయ్, పాతరేశారా?"

"ఆఁ. అయింది."

"అయితే మహానుభావులు స్నానానికి దయచెయ్యండి. వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకురండి."

"కాస్త కూర్చుని బయల్దేరతాను."

పళ్లబుట్ట బోర్లించి, గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. సరస్సు మీద వెలుతురు ఇంకా పోలేదు. దూరంగా హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల పొగ నిటారుగా లేస్తోంది, గాలి లేదు. కొత్తిమీర మరిచిపోకూడదనుకున్నాడు.

ట్రాక్టరు షెడ్డులో పెట్టి వస్తూ ఇనెస్ పలకరించింది. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని, దగ్గరికెళ్లి భుజం తట్టింది.

అతని దహనం అయ్యాక సరోజన ఇంటికొచ్చి, తలుపు ముందు ఆగి కారిడార్ అటూ ఇటూ చూసింది. లోపలికెళ్లి తలమీద నీళ్లు పోసుకుంది.

మంచు కరిగాక ఇనెస్ ఆ వరుస దగ్గరికి వచ్చి, ఒకచోట చేత్తో మట్టి తీసింది. పేలిక చివికి వేళ్లకు పోగుల్లా అంటుకుంది. దాని కింద తీగ పచ్చిగా, తడిగా ఉంది. కణుపు దగ్గర లేత గులాబి రంగు మొగ్గ. ఆమె దాని చుట్టూ ఇంకాస్త మట్టి తీసింది. తర్వాత లేచి, కొత్త మొక్కల్ని ఇక్కడ కాకుండా కొండ వైపు నాటమని పనివాళ్లకు కేకేసి చెప్పింది.

పార గట్టులో అలాగే నిలబడి ఉంది. రేకు తుప్పుపట్టింది. పిడి మీద, చెయ్యి ఆనే చోట, నీలం చీరపేలిక వెలిసిపోయింది గానీ ముడి ఊడలేదు.