ఉస్తాద్ పార

మాదాపూర్‌లో బాలనర్సయ్య ఉస్తాద్ కుస్తీ తాలీంఖానాకి ఎవరి దిష్టి తగిలిందో గానీ, ఆ ఏడాది ఆరుగురు పహిల్వాన్లు మంచం పట్టారు. ఒకడికి భుజం, ఒకడికి మోచెయ్యి, ఇంకొకడికి తుంటి. వాళ్లేమీ సరదాకి కుస్తీ పట్టేవాళ్లు కాదు, జాతర జాతరకీ తిరిగి దాని మీదే బతికేవాళ్లు. ఎలా తగిలిందిరా అంటే మాత్రం ఒక్కడూ సూటిగా చెప్పడు. స్కూటర్ మీంచి పడ్డానంటాడు ఒకడు, బావి దగ్గర కాలు జారిందంటాడు ఇంకొకడు.

ఉస్తాద్ తప్పంతా పక్కన లేచిన కొత్త అద్దాల మేడల మీదికి నెట్టాడు. జాతర్లు లేని రోజుల్లో కుర్రాళ్లు వాటి గేట్ల దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తూ క్యాంటీన్ సాంబారు తాగుతున్నారట, అందుకే ఎముకలు గుల్లబారాయట. సాంబారుకి అంత బలం ఉందని నమ్మినవాడు లోకంలో ఆయనొక్కడే.

చివరికి ఆరోవాడిగా రవీందర్‌కి కూడా ఎడమ భుజం కీలు తప్పింది. ఏడేళ్ల వయసు నుంచి తన కంచంలో తినిపించి పెంచిన శిష్యుడు. ఇక ఉస్తాద్‌కి వాదించే ఓపిక పోయింది. ఈ ఆదివారంలోగా కారణం తెలియకపోతే తాళం వేసేస్తానని శపథం చేశాడు. తాత కట్టిన తాలీంఖానా అది.

ఆరుగురికీ కట్లు కట్టిన ఎముకల డాక్టరు జయంతి కాకినాడ మనిషి. ఆదివారం పొద్దున్నే తనే చూడ్డానికి వచ్చింది.

"పట్టులో తగిలే దెబ్బ వేరండీ. మెడ పట్టేస్తుంది, మోకాలు తిరుగుతుంది, చెవి వాస్తుంది. మీవాళ్లందరికీ కింద పడ్డ వైపే తగిలింది. వీళ్లని కొట్టింది మనిషి కాదు, నేలండీ."

"నేలనా? రోజు పొద్దుగాల నేనే తవ్వుత డాక్టరమ్మా. నూనె పోస్త, పసుపు కలుపుత. మట్టి దూది లెక్క ఉంటది."

తవ్వేది ఆయనే, అది నిజమే. కుస్తీ పట్టే ఆ గుంతలో మట్టి తవ్వే పార ఉస్తాద్ తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ఆయన తాత నాటి నుంచీ అదే కట్టుబాటు.

జయంతి సంచిలోంచి పెన్సిల్ తీసి మట్టిలో గుచ్చింది. రెండు వేళ్ల లోతు దిగి ఆగిపోయింది. ఇంకోచోట గుచ్చింది. అక్కడా అంతే.

బాలనర్సయ్యకి అప్పుడర్థమైంది. ఉస్తాద్ అయ్యాక ఆయన్ని ఈ మట్టిలో పడేసినవాడు లేడు. కింద ఎలా ఉందో ఆయనకెలా తెలుస్తుంది? పోయినేడు తన కుడి భుజం పట్టేసినప్పటి నుంచి పార పైపైనే ఆడుతోంది. ఆ సంగతి తెలియదని కాదు, తెలుసుకోవడం ఇష్టం లేకపోయింది.

"నీకు ఎర్కేనారా?" అన్నాడు, చెయ్యి మెడకి కట్టుకుని నిలబడ్డ రవీందర్‌తో.

"అందరికి ఎర్కే ఉస్తాద్."

"మరి చెప్పొద్దా?"

"చెప్తే పార ఇడుస్తవ్. పార ఇడిస్తే నువ్వు మంచిగుంటవా?"

ఏడాది పాటు ఆరుగురు బండలాంటి నేల మీద పడ్డారు, తన మనసు కష్టపెట్టలేక. ఉస్తాద్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఒంట్లో ఏ దెబ్బా లేకుండా మిగిలిన మల్లయ్య చేతిలో పార పెట్టాడు. మల్లయ్య దాన్ని తిరిగి ఇచ్చేయబోయాడు. "తవ్వు. మోకాటి లోతు దాంక తవ్వు. నేనే చెప్తున్న గద" అన్నాడు ఉస్తాద్. రెండు గంటలు దగ్గరుండి తవ్వించాడు, నూనె పోయించాడు, గడ్డలు చితక్కొట్టించాడు.

అంతా అయ్యాక గుంత మధ్యలో నిలబడ్డాడు.

"ఇప్పుడు నన్ను పడేయుండ్రి."

ఉస్తాద్‌ని పడేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. "కుడి వైపు మాత్రం వద్దండీ" అంది, ఆయన కుడి భుజం పట్టేసి ఉండడం గమనించిన జయంతి.

ఇక లాభం లేదని ఆయనే ఎడమ పక్కకి దబ్బున పడ్డాడు. ఒళ్లంతా పసుపు మట్టి అయింది. కాసేపు అలాగే పడుకుని అరచేత్తో మట్టిని నిమిరాడు.

"మెత్తగనే ఉంది. ఇగ పడుండ్రి బిడ్డా, ఏం గాదు" అన్నాడు.