అత్తగారిని లాగని పైపు

మంగతాయారు గారు మకాం అక్వేరియంలోకి మార్చుకున్నప్పటి నుంచి, అందులోని గులకరాళ్ళు శుభ్రం చెయ్యాలంటే ఆవిడ కోడలు వారిజకు చెయ్యాడటం లేదు.

ఆవిడ అందులోకి వెళ్ళడంలో వింతేమీ లేదు. మోకాళ్ళ నొప్పులు. నీళ్ళలో ఉంటే మోకాళ్ళ మీద బరువు పడదని డాక్టరు చెప్పాడు. కాకినాడలో వాళ్ళుండే అపార్టుమెంటులో ఈతకొలను లేదు గాని, హాల్లో టీవీ పక్కన అక్వేరియం ఉంది. ఒక ఆదివారం టిఫిను తిన్నాక ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, బస్సెక్కినట్టు స్టూలెక్కి, అందులోకి దిగిపోయింది. నీళ్ళు తగిలినంత మేరా మనిషి చిన్నదవుతూ వచ్చి చివరికి బొటనవేలంత అయింది. "హమ్మయ్య," అంది.

ఇప్పుడు ఆవిడ ప్లాస్టిక్ వంతెన పక్కన గులకరాళ్ళ మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంటుంది. గోల్డు ఫిష్‌లు ఆవిడ చుట్టూ తిరుగుతుంటాయి. ఆవిడ మాట బుడగై పైకి తేలుతుంది, నీటి మీద పగిలినప్పుడు వినిపిస్తుంది. అందుకని మూత ఎప్పుడూ తీసే ఉంచుతారు. సీరియల్ టైముకి ఆవిడ అద్దం దగ్గరికొచ్చి లోపలి నుంచే టీవీ చూస్తుంది. పొద్దున్నే వారిజ ఇంకు ఫిల్లరుతో కాఫీ చుక్కలు వదులుతుంది.

"పంచదార చాల్లేదమ్మాయ్," అని బుడగ వస్తుంది.

వారిజ ఇంకో చుక్క వదులుతుంది.

అంతా బాగానే ఉంది, ఆ రాళ్ళు తప్ప. చేపలు తినగా మిగిలిన మేతా, చేపల రెట్టా, కాఫీ మడ్డీ, అన్నీ అడుక్కి దిగి రాళ్ళ సందుల్లో చేరతాయి. వాటిని తీయడానికి ఇంట్లో ఒక పైపు ఉంది. దానికి ఒక కొసన వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. ఆ గొట్టాన్ని రాళ్ళలో గుచ్చి, పైపు రెండో కొసను నోట్లో పెట్టుకుని ఒక్కసారి పీల్చి బకెట్లోకి వదిలితే, ఆపైన నీళ్ళు వాటంతటవే వస్తాయి. రాళ్ళు గొట్టంలో కాస్త పైకి లేచి మళ్ళీ కిందపడతాయి. తేలికైనదల్లా, ఒక్కోసారి చేపపిల్ల కూడా, పైపులోకి పోతుంది.

తేలికైనదల్లా. అదే వారిజ భయం. అత్తగారిప్పుడు కరివేపాకు రెబ్బ కన్నా తేలిక.

"ఏమండీ, ఏం చెయ్యమంటారు?" అని మొగుణ్ణి అడుగుతుంది.

ప్రభాకరం పేపరు మడత పెడతాడు. "వద్దంటే మురికి. చెయ్యమంటే అమ్మ. నన్నడక్కు," అంటాడు. మడత పెట్టిన పేపరును మళ్ళీ మడత పెడతాడు. అది అగ్గిపెట్టెంత అయ్యేదాకా పెడుతూనే ఉంటాడు.

రాజమండ్రి నుంచి ఆడపడుచు ఫోను చేస్తుంది. "వదినా, ఆ పైపు ఎక్కడైనా దాచెయ్యి. అమ్మ అసలే సన్నంగా ఉంది."

వారిజ పైపును చుట్టచుట్టి అటక మీద పెట్టేస్తుంది. రేపేదైనా జరిగితే కోడలే లాగేసిందంటారు. ఆ మాట ఎవరూ ఇంకా అనలేదు. అయినా వంటింట్లో గిన్నెలు తోముతున్నంత సేపూ ఆమెకు అదే వినిపిస్తుంటుంది.

నీళ్ళు పసుపెక్కుతాయి. తరవాత చింతపండు పులుసు రంగుకి వస్తాయి. మురికి పెరిగేకొద్దీ అక్వేరియం వెనక అద్దం కొంచెం కొంచెంగా దూరం జరుగుతుంది. గోడ దానికి దారిస్తుంది. పక్క ఫ్లాటు వాళ్ళేమీ అనరు, వాళ్ళ గోడ కూడా జరిగింది కాబట్టి. కొన్నాళ్ళకి హాల్లోంచి చూస్తే వంతెన గోదావరి అవతలి గట్టు మీద ఉన్నంత దూరాన కనిపిస్తుంది. దాని పక్కన మంగతాయారు గారు తెల్లటి చుక్కలా ఉంటారు. పొద్దున ఆవిడ కాఫీ అడిగిన బుడగ సాయంత్రానికి గాని చేరదు. పగిలినప్పుడు అందులోంచి కాఫీ మాటతో పాటు ఒక దగ్గు కూడా వినిపిస్తుంది.

మర్నాడు దగ్గు ఒక్కటే వస్తుంది.

వారిజ ఇక ఆగలేక అటక మీంచి పైపు దించి, సంచిలో పెట్టుకుని, చేపల దుకాణానికి బయలుదేరుతుంది. కొట్టు దానియేలుది. అందులో వరసగా అద్దాల తొట్లున్నాయి, వాటిలో నీళ్ళు లేవు. చేపలు మాత్రం ఎప్పటిలాగే ఈదుతున్నాయి.

"నీళ్ళు నిన్నే అమ్ముడైపోయాయండి," అంటాడు దానియేలు గొంతు తగ్గించి. "వీటికింకా చెప్పలేదు."

వారిజ పైపు బల్ల మీద పెడుతుంది. "దీన్ని కాస్త బాగుచెయ్యాలండి."

"పాడైందాండి?"

"లేదండి, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అందుకే భయంగా ఉంది."

"ఏం లాగకూడదండి?"

"మా అత్తగారిని."

"ఆయ్," అంటాడు దానియేలు, రోజూ వినే మాటే అయినట్టు. లోపలికెళ్ళి ఒక్కొక్కటీ పట్టుకొస్తాడు. మూతికి వల బిగించిన పైపు ఉంది. అది అత్తగార్లను లాగదు, మురికినీ లాగదు. నెమ్మదిగా పీల్చే పైపు ఉంది. దాంతో మొదలెడితే అత్తగారి కాలం వెళ్ళిపోవచ్చంటాడు. బ్యాటరీతో నడిచేది ఉంది, చెప్పినదే తీస్తుందట గాని దానికి తెలుగు రాదు. చివరికి గుడ్డలో చుట్టిన నీలం పైపొకటి తెస్తాడు.

"ఇది మాత్రం అడిగి తీస్తుందండి. అడక్కుండా ఇసక రేణువు కూడా ముట్టుకోదు."

వారిజకు ప్రాణం లేచొస్తుంది. నీలం పైపు కొనుక్కుని, పాతదీ సంచిలో వేసుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికొస్తుంది.

గొట్టం నీళ్ళలో పెట్టగానే పైపు సన్నటి గొంతుతో అడుగుతుంది. "అండీ, ఈ నలక తీయమంటారా?"

"తియ్యి."

"దాని పక్కనున్న నలకండీ?"

"అదీ తియ్యి."

"ఈ రాయండీ?"

"రాయొద్దు."

"దాని కింద నలకండీ? చేప తినగా మిగిలిందండి, సగం కొరికిందండి."

మధ్యాహ్నానికి ఒక చెంచాడు మురికి తేలుతుంది. సాయంత్రానికి వారిజ గొంతు బొంగురుపోతుంది. ప్రభాకరం ఆఫీసు నుంచొచ్చి, కాసేపు తనూ "తియ్యి, తియ్యి" అని చెప్పి, అలిసిపోయి సోఫాలో కూలబడతాడు. అవతల వెనక అద్దం ఇంకా దూరం జరుగుతూనే ఉంది. పైపు మాత్రం ఓపిగ్గా ఒక్కో రాయినీ దాటుకుంటూ, నీళ్ళలో సాగిపోతూ, మూడోనాటికి వంతెన దాకా చేరుతుంది.

"అండీ," అంటుంది పైపు. "ఇక్కడొక పెద్దావిడున్నారండి. తీయమంటారా?"

"వద్దు, వద్దు!" అని అరుస్తుంది వారిజ. సోఫాలోంచి ప్రభాకరం కూడా అరుస్తాడు.

అప్పుడొక బుడగ వస్తుంది. పైపు గొట్టం వెంబడి వచ్చింది గనక వెంటనే పగులుతుంది.

"వాళ్ళనడుగుతావేం? ఉన్నది నేనిక్కడ."

పైపుకు ఏం చెయ్యాలో తెలియదు.

"అత్తయ్యగారూ," అంటుంది వారిజ, నోరు నీళ్ళకి దగ్గరగా పెట్టి. "మీకేమన్నా అయితే ఎలాగండీ? అందరూ నన్నే అంటారు."

"అననీ, నేనొచ్చి చెబుతాగా." మళ్ళీ దగ్గు. "అమ్మాయ్, ఆ చేపపిల్లలు పైపులో పోయి బకెట్లో తేలేవి చూడు, ఒక్కటైనా ఏడుపు మొహంతో తేలిందా? దిగిన రోజు నుంచీ నాకు దాని మీదే మనసు. మీరేమో పైపు దాచేశారు. వలలన్నారు, బ్యాటరీలన్నారు. ఈ నీలపుదైనా అడిగింది గాని, మీలో ఒక్కరూ నన్నడగలేదు."

వారిజ వెనక్కి తిరిగి మొగుడి వైపు చూస్తుంది. అతను పేపరు కోసం వెతుక్కుంటున్నాడు.

"మరైతే ఈ నీలం పైపుతోనే లాగమంటారా?"

"దీంతోనా? నడుం దగ్గరకొచ్చి మోకాళ్ళు తీయమంటారా అని అడుగుతుంది. పాతదే పెట్టు. అదైతే ఒక్క ఊపులో లాగేస్తుంది."

వారిజ పాత పైపు దులుపుతుంది. గొట్టం నీళ్ళలోకి వదిలితే అది దూరానున్న వంతెన దాకా తనే సాగి రాళ్ళలో గుచ్చుకుంటుంది. రెండో కొసను మొగుడికి అందిస్తుంది. ఇన్నాళ్ళూ పీల్చే పని అతనిదే.

ప్రభాకరం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాడు. "నా నోటితో మా అమ్మని లాగమంటావా? నా వల్ల కాదు వారిజా."

వారిజ ఒక్క క్షణం ఆలోచించి, పైపు తనే నోట్లో పెట్టుకుంటుంది. కళ్ళు మూసుకుని పీలుస్తుంది. నోటినిండా నీళ్ళొస్తాయి. వాటికి చేపల వాసన లేదు. చల్లారిన కాఫీ, కర్పూరం, ఉతికి ఆరేసిన నేతచీర కలిసిన రుచి. ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు అత్తగారు పక్కన నిలబడి గంజి పెట్టడం నేర్పించిన రోజు వాసన అది. ఆమె ఉమ్మెయ్యదు, మింగేస్తుంది. పైపు బకెట్లో పడేస్తుంది.

గొట్టంలో రాళ్ళు వడగళ్ళలా ఎగురుతాయి. మురికి మేఘంలా లేస్తుంది. ఆ మేఘంలోంచి, ఒక చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని, మంగతాయారు గారు నిటారుగా నిలబడే పైకొస్తారు. పైపు వంపు తిరిగే చోట వారిజ మొహానికి సరిగ్గా ఎదురుగా ఒక్క క్షణం ఆగుతారు. అత్తాకోడళ్ళు ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకుంటారు. ఆవిడ ఏదో అంటుంది. పైపులో బుడగ పట్టే చోటు లేదు, మాట వినిపించదు. మరుక్షణం ఆవిడ కిందికి జారిపోతుంది.

బకెట్లో నల్లటి నీళ్ళు పడుతున్నాయి. పడుతూనే ఉన్నాయి. ఎవరూ తేలరు.

"వారిజా," అంటాడు ప్రభాకరం.

వారిజ బకెట్లో చెయ్యి పెడుతుంది. మోచెయ్యి దాకా. భుజం దాకా. చెంప నీళ్ళకి ఆనుతుంది. అడుగు తగలదు. ఇంకాస్త వంగుతుంది. అప్పుడు, చాలా కింద, గాజులున్న చెయ్యొకటి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంటుంది.

ఆమె లాగుతుంది. మొదట గాజులు, తరవాత జాకెట్టు చెయ్యి, తరవాత తలలో చామంతి పువ్వు చెక్కుచెదరకుండా, మంగతాయారు గారు నిండు మనిషై బకెట్లోంచి బయటికొచ్చి నేల మీద చతికిలబడతారు. చీర పొడిగా ఉంది. ఆవిడ మోకాళ్ళు రెండూ ఒకసారి ముడిచి, చాపి, మళ్ళీ ముడుస్తుంది. గొంతు సవరించుకుంటుంది. దగ్గు రాదు.

"ఎలా ఉందండీ?" అంటుంది వారిజ. ఆమె వెక్కుతోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు.

"జారుడుబల్లే. మా చిన్నప్పుడు ఆడపిల్లల్ని ఎక్కనిచ్చేవారు కాదు." కోడలి చెంపకంటిన మురికిని పైటకొంగుతో తుడుస్తుంది. "భయపడ్డావా పిచ్చిదానా?"

వారిజ తలూపుతుంది. ఇన్నాళ్ళూ భుజాల మీదున్నదేదో దిగిపోయి, చేతులు గాల్లో తేలుతున్నట్టుంటుంది. ప్రభాకరం ఎవరూ అడక్కుండానే కాఫీ పెట్టడానికి వెళ్ళి, పంచదార డబ్బా ఎక్కడని అక్కడి నుంచే కేకేస్తాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని, అదెక్కడుందో చెప్పకుండా, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతారు.

పైపు మాత్రం ఆగలేదు. బకెట్ నిండటం లేదు, అక్వేరియం తగ్గటం లేదు. వారిజ పైపు తియ్యబోతే అత్తగారు వారిస్తుంది. "ఉండనీ, ఇంకా ఎక్కడో మురికున్నట్టుంది."

కిటికీలోంచి చూస్తే సముద్రం వెనక్కి పోతోంది. వెనక అద్దం జరిగి జరిగి అక్కడిదాకా వెళ్ళిందని వారిజకు అప్పుడు అర్థమవుతుంది. అత్తగారు అప్పటికే చెప్పులేసుకుంటోంది. బకెట్‌కు కాపలాగా ప్రభాకరాన్ని ఉంచి, ఇద్దరూ మెట్లు దిగి నడుచుకుంటూ ఒడ్డుకు వెళతారు.

నీళ్ళు లేవు. కనుచూపు మేరా గులకరాళ్ళే, ఒక్కొక్కటీ కడిగి ఆరబెట్టినట్టు మెరుస్తున్నాయి. ఓడలు వాటి మీద నిటారుగా నిలబడి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, లంగర్లు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాయి. మంగతాయారు గారు ముందు నడుస్తారు, వారిజ అందుకోలేనంత వేగంగా. గాలి హాయిగా ఉంది. ఎవరేమంటారోనన్న ఆలోచన వస్తుందేమోనని వారిజ కాసేపు ఎదురుచూస్తుంది. అది రాదు.

చాలా దూరం పోయాక అత్తగారు ఆగి, మోకాళ్ళు పట్టుకోకుండానే వంగి, ఒక రాయి ఎత్తి చూస్తుంది. దాని కింద వాళ్ళ హాలుంది. ఫ్యాను తిరుగుతోంది. బొటనవేలంత ప్రభాకరం బకెట్ పక్కన స్టూలు మీద కూర్చుని, అగ్గిపెట్టెంత పేపరును మడత విప్పుతున్నాడు. విప్పేకొద్దీ అది పెద్దదై, సోఫాను కప్పి, టీవీని కప్పి, గోడల దాకా పరుచుకుంటోంది. అతను దాన్ని హాయిగా, మొదటి పేజీ నుంచి చదువుకుంటున్నాడు.

"కాఫీ తాగాడంటావా?" అంటుంది అత్తగారు.

"తాగే ఉంటారండీ. మీసం తడిగా ఉంది."

మంగతాయారు గారు నిద్రపోయే పిల్లాడికి దుప్పటి సర్దినట్టు ఆ రాయిని మెల్లగా యథాస్థానంలో పెడతారు. తరవాత పక్క రాయి ఎత్తుతారు. దాని కింద సముద్రం అంతా, ఒక్క అల కూడా తగ్గకుండా, బోర్లా పడుకుని నిద్రపోతూ ఉంటుంది.