భోజనం తర్వాత కట్టు

నా బతుకు ఇలా తగలడిందంటే దానికి కారణం ఒక్కడే. ఎముకల డాక్టరు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని సుత్తి డాక్టరు అంటారు. మోకాలి మీద కొట్టి చూసే చిన్న సుత్తి ఎప్పుడూ కోటు జేబులో ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన అనుకుంటాడు. ఆయన మాటలకి దొరికిపోయి కాసేపు కూర్చున్నవాళ్లకి అసలు సంగతి తెలుసు.

ఆ ఆసుపత్రి గేటు పక్కనే నా మందుల షాపు ఉండేది. ఆసుపత్రి వాళ్లే అద్దెకిచ్చిన ఒకటే గది. నేను ఎనిమిదో తరగతిలోనే చదువుకి దండం పెట్టేశాను. లైసెన్సు మా ఆవిడది, నోరు నాది. సుత్తి డాక్టరు రాసింది నేను తప్ప ఎవరూ చదవలేరని జనం గొప్పగా చెప్పుకునేవాళ్లు. అందులో నా గొప్పేమీ లేదు. ఆయన ఎవరొచ్చినా అవే నాలుగు రాస్తాడు. నొప్పికి ఒక మాత్ర, ఆ మాత్ర కడుపులో మంట పెట్టకుండా ఇంకో మాత్ర, కాల్షియం, పైన రాసుకోవడానికి ఒక ట్యూబు. చెయ్యి విరిగినా అంతే, మెడ పట్టేసినా అంతే. చీటీ తలకిందులుగా పట్టుకున్నా నేను మందులు సరిగ్గానే ఇచ్చేవాణ్ని.

అలా హాయిగా గడిచిపోతుంటే ఆసుపత్రి యజమాని పెద్ద డాక్టరమ్మగారి అల్లుడు కంప్యూటర్లు దింపాడు. ఇకమీదట డాక్టర్లెవరూ పెన్ను పట్టుకోకూడదట. తెర మీద మందు ఎంచుకుంటే చాలట. ముందుముందు ఆ చీటీ గేటు దాకా రానే రాదట. లోపల మెట్ల కింద ఆయన పెట్టబోయే మందుల కౌంటరుకి నేరుగా వెళ్లిపోతుందట. మరి నా గది సంగతేమిటని అడిగాను.

"జనరేటరుకి సరిపోతుంది," అన్నాడు అల్లుడు, నా గోడని నా కళ్ల ముందే తట్టి చూస్తూ.

పెద్ద డాక్టరమ్మ మాత్రం తొందరపడే మనిషి కాదు. "నెల రోజులు వాడి చూడండి. అప్పటిదాకా చీటీలు అచ్చు తీసి గేటు దగ్గరికే పంపండి. నెలాఖరున నలుగురు డాక్టర్లూ ఏమంటారో విందాం. ఇద్దరు వద్దన్నా తీసి పారేద్దాం," అంది.

ఇద్దరు. నా గది నిలవాలంటే నాకు ఇద్దరు డాక్టర్లు కావాలి, అంతే.

చర్మం డాక్టరు మీద ఆశ లేదు. ఆయనకి ఆ యంత్రమంటే ప్రాణం. "ప్రతి మందుకీ 'మీరు చెప్పిందే ఖాయమా?' అని మర్యాదగా అడుగుతుందండీ. మా ఇంట్లో నా మాట ఖాయమా కాదా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు," అని మురిసిపోయేవాడు. కంటి డాక్టరమ్మ కూడా అటువైపే. ఆవిడది చిన్న వయసు, వేళ్లు చకచకా కదులుతాయి. కాకపోతే చుక్కల మందు ఎక్కడ వేసుకోవాలో ఎంచుకోవడం మర్చిపోతుంది. మర్చిపోతే యంత్రం తనంతట తాను 'నోట్లో' అని రాసేస్తుంది.

పిల్లల డాక్టరు నావైపు. "తెర వైపు చూస్తే పిల్లాడు నా స్టెతస్కోపు నమిలేస్తున్నాడు. పిల్లాడి వైపు చూస్తే తెర ఆరిపోతోంది. మళ్లీ పాస్‌వర్డు. ఈ నెలలో జ్వరాల కన్నా పాస్‌వర్డులే ఎక్కువ చూశానయ్యా," అని వాపోయాడు.

ఇక సుత్తి డాక్టరు. ఆయన కోపం చూస్తే నాకు కడుపు నిండిపోయేది.

"ఖాయమా అని నన్నడగడానికి ఇదెవరోయ్? దీన్ని కొనుక్కొచ్చిన అల్లుడు చిన్నప్పుడు చెట్టెక్కి పడితే కట్టు కట్టింది నేను. ఆ రోజు వాడు అడిగాడా ఖాయమా అని? కుయ్యో మొర్రో అన్నాడు, అంతే. నువ్వు బెంగపడకు. ఈ చెయ్యి లేస్తే దీన్ని పగలగొట్టడానికే లేస్తుంది."

ఆ మాట నేను రోజూ తలుచుకునేవాణ్ని.

యంత్రం కూడా నాకు బాగానే సాయం చేసింది. అది ఏది రాసినా భోజనానికి ముందా, తర్వాతా అని అడుగుతుంది. చెప్పందే ముందుకి కదలదు. మందైనా సరే, కట్టు కట్టే గుడ్డయినా సరే. ఒకరోజు మడమ వాచిన ముసలాయన కోడలి భుజం పట్టుకుని షాపుకి వచ్చాడు.

"బాబూ, ఈ కట్టు భోజనం తర్వాత అని ఉందంటోంది మా కోడలు. సరే, తిన్నాకే కట్టుకుంటాను. మళ్లీ తినేటప్పుడు విప్పాలా?"

"రోజుకి రెండుసార్లు అని కూడా ఉంది మావయ్యా," అంది కోడలు.

"నేను పొద్దున ఏమీ తినను కదే, టీ తాగుతాను. టీకి కట్టుకోవచ్చా బాబూ?"

"టీకి కూడా పనిచేస్తుంది తాతా," అని చెప్పి పంపాను. చీటీకి నకలు తీసి దాచుకున్నాను. ఆ వెనకాలే ఇంకొకతనికి చంకకర్రలు పరగడుపున అని వచ్చింది. దాన్నీ దాచాను. వీటిని పెద్ద డాక్టరమ్మ ముందు పెడితే అల్లుడి మొహం ఎలా మాడుతుందో తలుచుకుంటూ నాలో నేనే నవ్వుకుంటున్నాను.

"నవ్వింది చాలు గానీ బయటికి చూడండి," అంది మా ఆవిడ.

చూశాను. సుత్తి డాక్టరు గది ముందు బెంచీలు చాలక జనం నేల మీద కూర్చున్నారు. ఆయన ఒంటి వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టేసరికి లోపలున్నవాడికి నొప్పి తగ్గిపోతోంది. బయట ఉన్నవాళ్లు విసుగెత్తి పక్క వీధి డాక్టరు దగ్గరికి లేచిపోతున్నారు. మందులు కూడా అక్కడే కొంటున్నారు.

"వాళ్లు చేతులెత్తేలోపు మనం చేతులెత్తేసేలా ఉన్నాం. వెళ్లి ఏదో ఒకటి చెయ్యండి," అంది.

టీ పట్టుకుని లోపలికి వెళ్లాను. ఆయన తెర మీదికి వంగి చెమటలు కక్కుతున్నాడు.

"ఈ అక్షరాలు ఎవడు పేర్చాడోయ్? ఇంట్లో గిన్నెలు కూడా ఇంతకంటే వరసలో ఉంటాయి."

మా షాపు బిల్లుల యంత్రంలో ఒక సదుపాయం ఉంది. ఎప్పుడూ కొనే మందులన్నీ కలిపి ఒక్క మీట కింద పెట్టుకోవచ్చు. వెతికితే ఇందులోనూ ఉంది. ఆయన నాలుగు మందులూ నేనే ఎక్కించాను. భోజనం ముందూ వెనకా కూడా సరిచూసి పెట్టాను.

"పేరు పెట్టమంటోంది సార్."

"దేనికి?"

"ఈ మీటకి. ఏ రోగం వాళ్లకి అని."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "'అందరికీ' అని పెట్టు."

పెట్టాను. ఆయన నొక్కాడు. నాలుగు మందులూ అచ్చై బయటికొచ్చాయి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, తర్వాతి మనిషిని పిలిచి మళ్లీ నొక్కాడు. మధ్యాహ్నానికల్లా బెంచీలు ఖాళీ. నిచ్చెన భుజానేసుకుని ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా నొక్కేశాడు. వాడు పాపం ఫ్యాను సంగతి చెబుతూనే ఉన్నాడట. చివరికి నా దగ్గరికొచ్చి మందులన్నీ కొనుక్కున్నాడు.

"మెడ కొంచెం పట్టేసిన మాట నిజమేనండీ," అన్నాడు.

షాపు మళ్లీ కళకళలాడింది. ఒక మీట దొరికినంత మాత్రాన అంత పగ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

నెలాఖరున పై గదిలో అందరూ కూర్చున్నారు. ఫిర్యాదులున్నాయని చెప్పి నేనూ వెళ్లి చీటీల నకళ్లు బల్ల మీద పరిచాను. కంటి డాక్టరమ్మ తన చీటీ చూసి నాలుక కరుచుకుంది.

"నిజంగా నోట్లో వేసుకున్నాడా?"

"వేసుకున్నాడమ్మా. చేదుగా ఉంది గానీ చూపు మెరుగే అన్నాడు."

"అయితే మందు మంచిదే," అన్నాడు చర్మం డాక్టరు.

పెద్ద డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, "సరే, వద్దనేవాళ్లు చేతులెత్తండి," అంది.

పిల్లల డాక్టరు చెయ్యి లేచింది. నేను సుత్తి డాక్టరు వైపు చూశాను. ఆయన తన గోళ్ల వైపు చూసుకుంటున్నాడు.

"సార్," అన్నాను మెల్లగా.

"ఉండవోయ్, చెబుతాను." గొంతు సవరించుకున్నాడు. అందరూ కుర్చీల్లో వెనక్కి వాలారు. "అమ్మా, ఇన్నేళ్లూ అవే రాసి రాసి నా వేళ్లు వంకర్లు పోయాయి. ఎముకల డాక్టర్ని, నా వేళ్లే నేను చూసుకోలేకపోయాను. నిన్న వెలుతురుండగానే ఇంటికి వెళ్లాను. ఈ వేళప్పుడు ఎవరొచ్చారోనని మా ఆవిడ తలుపు తియ్యలేదు. ఇది ఉండాలమ్మా."

"మరి కట్టు భోజనం తర్వాత అని వస్తోంది కదా సార్," అన్నాను.

"తప్పేముంది? ఖాళీ కడుపుతో కట్టించుకుంటే కళ్లు తిరుగుతాయి."

"పగలగొడతానన్నారు."

"పగలగొట్టేవాణ్నే. నువ్వేగా వచ్చి ఆపావు." ఆయన అందరి వైపు తిరిగాడు. "ఆ మీట నాకు చూపించింది ఇతనే. తన గది పోతుందని తెలిసి కూడా చూపించాడు. ఇలాంటి మనిషి దొరకడు."

చర్మం డాక్టరు చప్పట్లు మొదలుపెట్టాడు. పిల్లల డాక్టరు కూడా ఎత్తిన చెయ్యి దింపి చప్పట్లు కొట్టాడు. అల్లుడు లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నీకు అభ్యంతరం ఉంటుందేమోనని ఇన్నాళ్లూ మొహమాటపడ్డాను," అంది పెద్ద డాక్టరమ్మ. "నీకూ ఇష్టమేనన్నమాట. నా మనసు తేలికపడింది."

అంతమంది చప్పట్లు కొడుతుంటే కాదని ఎలా అంటాను? తలూపాను.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ అంతా విని, "టీ కూడా మన డబ్బులతోనేనా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు కూలీలొచ్చి అరలు విప్పుతుంటే, జనరేటరు పడుతుందో లేదోనని అల్లుడు టేపు ఒక కొస నా చేతికే ఇచ్చాడు. పట్టుకున్నాను. సుత్తి డాక్టరు వల్ల నేను పోగొట్టుకున్నది పదకొండు అడుగుల వెడల్పు, పద్నాలుగున్నర అడుగుల పొడవు, గుమ్మం ముందు మూడడుగుల మెట్టు.